ఆటలో అరటిపండు లెక్క

ఏడు పెంకులాటకు జట్లు వేసుకుంటున్నప్పుడు చిన్నవాడొకడు వచ్చి "నేనూ ఆడతా" అంటాడు. కాదంటే ఏడుస్తూ వెళ్లి అమ్మకు చెప్తాడు, చేర్చుకుంటే జట్టు ఓడిపోతుంది. పెద్ద పిల్లలు దీనికి కనిపెట్టిన ఉపాయమే అరటిపండు. అరటిపండు పరిగెత్తవచ్చు, అరవవచ్చు. బంతి తగిలినా అవుట్ కాడు, వాడు పెంకులు పేర్చినా లెక్కలోకి రాదు. ఆ సంగతి వాడికి తెలియదు. తెలిసిన రోజున ఆట మానేస్తాడు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని వేసవి శిబిరాల్లో చేర్చుకున్న చోట కూడా చాలావరకు జరిగేది ఇదే. ఫొటోకు ముందు వరుసలో కూర్చోబెడతారు, బహుమతి అందరికంటే ముందు చేతిలో పెడతారు, స్కోరు పుస్తకంలో పేరు మాత్రం ఉండదు. చేర్చుకోని చోట వ్యవహారం ఇంకా తేలిక. "మా దగ్గర అలాంటి సదుపాయాలు లేవండీ" అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే జాలిని కాసేపు పక్కన పెట్టి లెక్క వేయాలి. అడుగుల్లో, నిమిషాల్లో, రూపాయల్లో.

49 రోజులు

ఇటీవలి ఏళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా. ఏప్రిల్‌లో 7, మేలో 31, జూన్‌లో 11, వెరసి 49 రోజులు. మామూలు పిల్లలకు ఇవి అమ్మమ్మ ఊరు, మామిడికాయలు, చెరువు, క్రికెట్. ఆటిజం ఉన్న పిల్లాడికి ఇదే కాలం ఎనిమిదింటికి బస్సు, పదకొండింటికి డబ్బా అన్న వరస ఒక్కసారిగా తెగిపోయే కాలం. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లకు బడితో ముడిపడిన ఫిజియోథెరపీ ఆగిపోయే కాలం. ఈ 49 రోజులూ ఆ ఇంట్లో ఒకరు, చాలావరకు తల్లి, పని మానుకోవాల్సిందే.

బడి నడిచే రోజుల్లో ప్రభుత్వ ఏర్పాటు ఎంతో కొంత ఉంది. సమగ్ర శిక్షా కింద ప్రత్యేక అవసరాలున్న ఒక్కో విద్యార్థికి ఏడాదికి 3,500 రూపాయలు కేటాయిస్తారు. 365తో భాగిస్తే రోజుకు పది రూపాయల లోపే. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, వాటిలో పనిచేసే ప్రత్యేక టీచర్లున్నారు. ఇదంతా బడి క్యాలెండరుకు కట్టిన బండి. బడికి తాళం పడితే బండి ఆగుతుంది.

సెలవుల్ని కూడా విధానంలో భాగంగా చూసిన చోటు ఒకటుంది. ఇంగ్లండ్‌లో 2021 నుంచి పేద పిల్లల కోసం సెలవుల్లో ఆటలు, భోజనం కలిపి ఒక పథకం దేశమంతటా నడుస్తోంది. ఏడాదిలో 6 వారాలు, వారానికి 4 రోజులు, రోజుకు 4 గంటలు, అంటే 96 గంటలు. అందులో 64 గంటలు వేసవిలోనే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకూ చోటుండాలన్నది ఆ పథకం మార్గదర్శకాల్లోనే ఉంది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. కనీసం గంటలు లెక్కపెట్టారు, డబ్బు కేటాయించారు. మన 49 రోజులకు అలాంటి గంటల లెక్క లేదు.

1.7 నుంచి 13.6

నిర్వాహకులు తరచూ అనే ఇంకో మాట: "అలాంటి పిల్లలు మా దగ్గరికి రారండీ, వస్తే చూద్దాం."

2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది, జనాభాలో 2.21 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.67 లక్షలు. దేశం మొత్తం దివ్యాంగుల్లో 19 ఏళ్ల లోపు వారు 78.64 లక్షలని, అంటే దేశంలోని ఆ వయసు వారిలో 1.7 శాతమని యునెస్కో 2019 నివేదిక చెప్పింది. ఈ శాతంతో 50 మంది శిబిరానికి లెక్క కడితే 0.85. ఒక్క పిల్లవాడు కూడా పూర్తిగా రాడు. నిర్వాహకుడి మాట నిజమేననిపిస్తుంది.

ఇప్పుడు రెండో లెక్క. 2018లో ప్లోస్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దేశంలో అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల లోపు పిల్లలు 3,964 మందిని పరిశీలించింది. ఆ అయిదింటిలో హైదరాబాద్ ఒకటి. చూపు, వినికిడి, మాట, మూర్ఛ, కదలిక సమస్యలు, ఆటిజం, బుద్ధిమాంద్యం, వీటితోపాటు 6 ఏళ్లు దాటిన వారిలో కుదురుగా ఉండనివ్వని ఏడీహెచ్‌డీ, చదువులో వెనకబడేలా చేసే అభ్యసన లోపాలు, అన్నీ కలిపి తొమ్మిది రకాలు చూశారు. 6–9 ఏళ్ల పిల్లల్లో వీటిలో కనీసం ఒకటి ఉన్నవారు 13.6 శాతం. చోటును బట్టి ఇది 6.5 నుంచి 18.5 దాకా మారింది. 50 మందికి 13.6 శాతమంటే దాదాపు ఏడుగురు.

ఒకరి కంటే తక్కువ, లేదా ఏడుగురు. ఇంత తేడా పిల్లల్లో లేదు, అడిగిన తీరులో ఉంది. జనగణనలో ఇంటి గుమ్మం ముందు నిలబడి ఎనిమిది రకాల వైకల్యాల గురించి అడిగారు. గుమ్మంలో నిలబడి అడిగితే ఆడపిల్లకు వినికిడి తక్కువని ఎవరు చెప్తారు? రేపు సంబంధాలు రావద్దూ! ఆ అధ్యయనంలో ఒక్కో పిల్లను కూర్చోబెట్టి పరీక్షించారు, పైగా బయటికి కనిపించని సమస్యల్ని కూడా కలిపారు. ఇంగ్లండ్ బడుల్లో 2025 జనవరి లెక్కన ప్రత్యేక విద్యావసరాల పథకం ఉన్నవారు 5.3 శాతం, పథకం లేకపోయినా బడిలో అదనపు సాయం అందుకుంటున్నవారు 14.2 శాతం. దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు. నిర్వచనాలు వేరు కాబట్టి ఈ మూడు లెక్కల్ని పక్కపక్కన పెట్టి పోల్చలేం. ఒకటి మాత్రం తెలుస్తుంది: ఎంత బాగా అడిగితే అంతమంది కనిపిస్తారు.

కాబట్టి ఆ ఏడుగురూ ఇప్పటికే మీ శిబిరంలో ఉన్నారు. చివరి వరుసలో నిలబడి కోచ్ చెప్పేది వినబడక పక్కపిల్లను చూసి చేసే అమ్మాయి, "అల్లరి వెధవ" అని పేరు తెచ్చుకుని మూడో రోజుకు మైదానం బయట నిలబడ్డ అబ్బాయి వాళ్లలోని వారే. గేటు దాకా కూడా రానివారు వేరే ఉన్నారు. యునెస్కో నివేదిక ప్రకారం వైకల్యమున్న 5–19 ఏళ్ల వారిలో నాలుగో వంతు ఏ విద్యాసంస్థలోనూ లేరు. బడి నోటీసు బోర్డు మీద శిబిరం కాగితం అంటిస్తే అది వాళ్లకు చేరదు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1995 నాటి దివ్యాంగుల చట్టం 7 వైకల్యాలను గుర్తిస్తే, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ కూడా అందులో ఉన్నాయి. విద్యాసంస్థలు చదువుతోపాటు ఆటలు, వినోదాల్లో సమాన అవకాశం ఇవ్వాలని 16వ సెక్షన్ చెబుతుంది. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటేనే అన్న మాట పింఛన్లకు, రిజర్వేషన్లకు సంబంధించింది. వివక్ష చూపరాదన్న నియమానికి ఆ 40తో పని లేదు. 30 శాతం వచ్చిన పిల్లను గేటు దగ్గర ఆపడానికి ఆ కాగితాన్ని వాడుకోవడం అన్యాయం.

1:12

సదుపాయం అనగానే అందరికీ గుర్తొచ్చేది ర్యాంపు. మనవాళ్లు ర్యాంపు కట్టే తీరు చూస్తే లెక్కల మాస్టారు లేని ఊరనిపిస్తుంది. ప్రమాణం 1:12. ఒక అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. రెండు ఆరంగుళాల మెట్లున్న చోట 12 అడుగుల ర్యాంపు కావాలి. మనం వేసేది నాలుగడుగుల బల్ల. అంటే 1:4, ఉండాల్సిన దానికి మూడు రెట్ల వాలు. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కించాలంటే వెనక నుంచి ఇద్దరు నెట్టాలి, దించేటప్పుడు కుర్చీ ముందుకు పల్టీ కొడుతుంది. ఆ బల్ల వేయడం కంటే మెట్లు లేని గేటు వైపు శిబిరం పెట్టుకోవడం నయం, ఖర్చు సున్నా.

ఈ ర్యాంపుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రమాణాలు వీలైతే పాటించే సలహాలా, తప్పక పాటించాల్సిన నియమాలా అన్న ప్రశ్నకు 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో కోర్టు రెండోదే సరైనదని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించడానికి కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదిక తయారు చేసింది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం.

ర్యాంపు కంటే ముఖ్యమైనది, ఎవరూ మాట్లాడనిది, మరుగుదొడ్డి. చక్రాల కుర్చీ లోపలికి పోవాలంటే తలుపు దాదాపు మూడడుగులు తెరుచుకోవాలి, లోపల తిరగాలంటే అయిదడుగుల వృత్తం కావాలి. పాత బడి భవనాల్లో ఇది అరుదు. అప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుంది? పొద్దున్నుంచీ నీళ్లు తాగదు. మే నెలలో, మైదానంలో, నీళ్లు తాగకుండా. మైదానంలో వడదెబ్బ తగిలితే ఎండను తిడతాం, మూడడుగుల తలుపు సంగతి ఎవరికీ తట్టదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అందరికీ ఎండ ఒకటే అనుకోవడం పొరపాటు. వెన్నుపాముకు దెబ్బ తగిలిన పిల్లలకు ఆ భాగం కింద చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. మూర్ఛకు వాడే టోపిరమేట్, జోనిసమైడ్ వంటి మందులు కొందరు పిల్లల్లో చెమటను తగ్గిస్తాయి. సికిల్ సెల్ ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గినా, ఒక్కసారిగా చన్నీళ్లలో దిగినా భరించలేని నొప్పి మొదలుకావచ్చు. ఈ జబ్బు ఎక్కువగా కనిపించే ఏజెన్సీ ప్రాంతాల్లో శిబిరం పెట్టేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. దీనికి పరిష్కారం గడియారంలోనే ఉంది. ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించడం, ప్రతి 20 నిమిషాలకు అందరినీ ఆపి నీళ్లు తాగించడం. "దాహమైన వాళ్లు తాగండి" అంటే చాలదు. దాహమని చెప్పలేని పిల్లలు ఉంటారు.

తరవాతది శబ్దం. ఈల, మైకు, డీజే పాట. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇది చెవిలో మేకు కొట్టినట్టుంటుంది. వినికిడి లేని పిల్లకు ఈల ఉన్నా లేనట్టే. ఈలతోపాటు ఎర్ర జెండా ఊపితే రెండో సమస్య తీరుతుంది. మైకు తీసేస్తే మొదటిది సగం తీరుతుంది, ఇరుగుపొరుగు కూడా దీవిస్తారు. చెట్టు కింద ఒక చాప వేసి, "ఇక్కడికి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఎవరూ పలకరించకూడదు" అన్న నియమం పెడితే మిగతాది తీరుతుంది. ఇప్పుడేం చేస్తాం, తరవాత ఏం చేస్తాం అన్నది రెండు బొమ్మలు గీసి చూపించడం ఇంకా మంచిది. మాటలు తక్కువున్న పిల్లలకు ఆ రెండు అట్టముక్కలే టైంటేబుల్.

భయపడాల్సిన అంకె ఒకటుంది. 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో అమెరికా కుటుంబాల సర్వే వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలు 1,218 మందిలో 49 శాతం నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారైనా చెప్పకుండా వెళ్లిపోయే ప్రయత్నం చేశారు. (మన సెలవు రోజులు కూడా 49 కావడం కాకతాళీయం, గుర్తుంచుకోవడానికి మాత్రం పనికొస్తుంది.) వెళ్లిపోయినవారికి ఎక్కువగా ఎదురైన ప్రమాదాలు రెండు, రోడ్డు మీది బండ్లు, నీళ్లు. మన మైదానాల పక్కన ఈ రెండూ ఉంటాయి, మూత లేని బావులు అదనం. కాబట్టి మైదానం ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ప్రహరీ. రెండు గేట్లుంటే ఒకటి మూసేసి, రెండోదాని దగ్గర ఒక మనిషిని పెట్టండి. ఆ మనిషికి ఆ పూట వేరే పని చెప్పకండి.

మూర్ఛ వస్తే ఏం చేయాలో శిబిరంలో పెద్దవాళ్లందరికీ తెలిసి ఉండాలి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం మనకు తరతరాలుగా ఉంది, దానివల్ల ఒరిగేదేమీ లేదు. నోట్లో చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది పెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైన సర్వీసు అది. ఈత ఉన్న శిబిరమైతే మూర్ఛ ఉన్న పిల్లకు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక మనిషి విడిగా ఉండాల్సిందే, ఇందులో బేరం లేదు.

ఒకటి కొడితే రెండు

ఇక ఆట. అంధుల క్రికెట్‌లో బంతి లోపల గలగలలాడే గోళీలుంటాయి, బౌలరు చేతిని కిందినుంచి ఆడించి నేల మీదుగా వేస్తాడు. జట్టులో కనీసం నలుగురు పూర్తిగా చూపులేని ఆటగాళ్లుండాలి. అందులో నాకు నచ్చిన నియమం వేరే: పూర్తిగా చూపులేని బ్యాటరు ఒక పరుగు తీస్తే స్కోరు బోర్డు మీద రెండు పడతాయి. అరటిపండుకు ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ పిల్లాడు కొట్టినా లెక్కలోకి రాదు, ఇక్కడ కొట్టినదానికి రెట్టింపు లెక్క. కెప్టెన్ అతణ్ణి దాచిపెట్టడు, ముందు పంపుతాడు.

ఏడు పెంకులాటను ఇలాగే తిప్పుకోవచ్చు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల కోసం పెంకుల్ని నేల మీద కాకుండా స్టూలు మీద పేర్చండి, విసిరే గీత రెండడుగులు దగ్గరికి జరపండి. చూపు తక్కువున్నవాడికి బంతిలో గజ్జె పెట్టండి. ఖోఖోలో చేయి చాలని చోట మెత్తటి స్పాంజి కర్రతో తాకితే ఖో అయినట్టే. అచ్చంగాయలు, వామనగుంటలు, క్యారమ్స్ కూర్చుని ఆడేవి, మార్చాల్సిందేమీ లేదు. హీమోఫీలియా ఉన్న పిల్లాణ్ణి కబడ్డీకి దించకండి, ఈతకు పంపండి. చోటు, పని, సామాను, మనుషులు: ఈ నాలుగింటిలో ఏదో ఒకటి మార్చితే చాలా ఆటలు దారికొస్తాయి. పిల్లను తీసేయడం చివరి మాట కావాలి, మన దగ్గర అదే మొదటి మాట.

జతగాడిని పెట్టడం మంచిదే, ఒక చిక్కుతో. మంచి పిల్ల దొరికింది కదా అని నెల మొత్తం ఆమెకే ఆ పని అప్పగిస్తే ఆమె సెలవులు పోతాయి, ఇటు స్నేహం పోయి చాకిరీ మిగులుతుంది. అరగంటకొకరు చొప్పున మార్చాలి.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కంచు పతకం తెచ్చింది. బుద్ధిమాంద్యం ఉన్నవారి టీ20 విభాగంలో అది. ఆ ఏడాది మేలో కోబేలో 55.07 సెకన్లతో అప్పటి ప్రపంచ రికార్డు కూడా నెలకొల్పింది. రెండు తెలుగు రాష్ట్రాలూ చప్పట్లు కొట్టాయి. అయితే దీప్తి పేరు చెప్పి "చూశారా, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే" అనే ఉపన్యాసాలు నాకు నచ్చవు. ఆ మాటలో బరువంతా పిల్ల మీదే పడుతుంది. బడి ఆటల్లో ఆమె పరుగును చూసిన కళ్లుండబట్టి కదా ఆ 55.82! శిబిరంలోకే రానివ్వని పిల్ల పరుగును ఎవరు చూడాలి? పతకం రాని పిల్లలకు కూడా మే నెలలో ఆడుకునే హక్కుంది, అది వేరే సంగతి.

20 రూపాయలు

ఖర్చు సంగతికి ఒక ఊహా శిబిరం వేసుకుందాం. 50 మంది పిల్లలు, 21 రోజులు, ఫీజు తలా 2,000 రూపాయలు. వచ్చేది లక్ష. ఇప్పటికే ఉన్న కోచ్‌లకు తోడు ఇద్దరు సహాయకుల్ని రోజుకు 500 చొప్పున పెట్టుకుంటే 21,000. ఈ మొత్తాన్ని ఆ ఏడుగురి తల్లిదండ్రుల మీద వేస్తే ఒక్కొక్కరికి 3,000 అదనం. ఫీజు కంటే ఎక్కువ, వాళ్లు రారు. యాభై మందికీ పంచితే తలా 420, రోజుకు 20 రూపాయలు. ఎండాకాలం ఒక సోడా ఖర్చు. సదుపాయం లేదన్న మాట ఈ 20 దగ్గర ఆగుతుంది.

ఆ ఇద్దరు సహాయకులు ఎక్కడ దొరుకుతారంటే, స్పెషల్ బీఈడీ చదివే విద్యార్థులున్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది, అక్కడ ఇలాంటి శిక్షణే ఇస్తారు. చదువుకునేవాళ్లకు అనుభవం కావాలి, మీకు మనుషులు కావాలి. "తల్లి వెంట ఉంటేనే చేర్చుకుంటాం" అన్న షరతు మాత్రం పెట్టకండి. ఆ షరతుతో తల్లి రోజుకూలీ పోతుంది, పిల్లకు అమ్మ లేని మూడు గంటల స్వేచ్ఛ కూడా పోతుంది. మొదటి రెండు రోజులు రమ్మనండి, నేర్పించి వెళ్తుంది.

మిగిలింది దరఖాస్తు ఫారం. పేరు, వయసు, రక్తం గ్రూపు, టీషర్టు సైజు అడుగుతారు. దాని కింద మూడు గీతలకు చోటివ్వండి. మీ పాపకు/బాబుకు ఏం ఇష్టం? దేనికి భయపడుతుంది, భయపడితే ఎలా ఊరుకుంటుంది? మందులు, తిండి, మరుగుదొడ్డి విషయంలో మేం తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా? "వైకల్యం ఉందా: అవును/కాదు" అని అడిగితే గుమ్మం ముందు జనగణనలాగే జవాబు "కాదు" అనే వస్తుంది. ఈ మూడు ప్రశ్నలు మాత్రం యాభై మందినీ అడగండి. వేరుశనగ పడని పిల్ల, చీకటంటే భయపడే పిల్లాడు కూడా అందులోనే బయటపడతారు.

ఫారం మార్చిలో అచ్చుకు వెళ్తుంది కాబట్టి ఈ పని మార్చిలోపే కావాలి. మీ మండలంలోని భవిత కేంద్రం టీచరు దగ్గర పిల్లల పేర్లు, ఇళ్ల చిరునామాలు, ఎవరికేం కావాలో రాసిన పుస్తకం ఉంటుంది. ఏప్రిల్ 24కు ముందే ఒకసారి వెళ్లి కలవండి. ఆ తర్వాత అక్కడా సెలవులే.